బండి ఆయిల్ మనమే మార్చుకుందాం, కానీ పాత ఆయిల్ సంగతి తేల్చుకున్నాకే

మిరప కోతలు అయిపోయినయ్, కాస్త తీరిక దొరికింది. అందుకే ఇయ్యాల మందుల గురించి, రేట్ల గురించి కాకుండా మనందరి ఇంటి ముందు నిలబడి ఉండే మోటార్ సైకిల్ గురించి రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

ముందు నా మాట చెప్పేస్తా. బండికి ఇంజన్ ఆయిల్ మార్చుకోవడం ప్రతి రైతూ నేర్చుకోవాలి. డబ్బులు మిగులుతాయని కాదు. ఆయిల్ డబ్బా ఎక్కడ కొన్నా దాదాపు అదే రేటు, మిగిలేది యాభయ్యో వందో కూలి. మన బండిలో ఏం జరుగుతుందో మనకు తెలియడం కోసం నేర్చుకోవాలి. అయితే దీనికి ఒక షరతు ఉంది, అది చివర్లో చెబుతా.

నా సంగతి వినండి. నాది 2014లో కొన్న స్ప్లెండర్. మూటలు, మందు డబ్బాలు, స్ప్రేయర్, గడ్డిమోపు, ఇంటిదాన్ని ఎక్కించుకుని ఆస్పత్రికి, అన్నిటికీ అదే. రెండేళ్ల కిందట మిరపకు మందు కొట్టే రోజుల్లో కాలవ కట్ట మీద బండి ఒక్కసారిగా పట్టేసి నిలబడిపోయింది. కిక్ కూడా దిగలా. ఆటోలో వేసి తీసుకుపోతే పిస్టన్ పట్టేసిందన్నారు. బోరు చేయించి పిస్టన్ మార్పిస్తే తొమ్మిది వేల చిల్లర అయింది. అది నాకు రెండు తడవల మందు ఖర్చు. పైగా బండి లేక ఆరు రోజులు ఆలస్యమై చేలో తామరపురుగు పెరిగిపోయింది.

విప్పిన మేస్త్రి ఆయిల్ పుల్ల తీసి చూపించాడు. అడుగున తారులాగా కాస్త అంటుకుంది, అంతే. "చివరిసారి ఎప్పుడు మార్పించావు పెద్దాయనా" అన్నాడు. అంతకుముందు నాలుగు నెలల కిందట ఒక షెడ్డులో సర్వీసింగ్ చేయించా, ఆయిల్ డబ్బులు కూడా ఇచ్చా. వాళ్లు పోశారో లేదో, పోసింది కారిపోయిందో, కాలిపోయిందో నాకు తెలియదు. ఎందుకంటే బండి అక్కడ పెట్టి టీకి పోయా. వాళ్ల మీద నింద వేయలేను. పదేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ పుల్ల బయటికి తీసి చూడలా. తప్పు నాదే.

ఆలోచించండి. గేదె పేడ చూసి దాని ఒంట్లో ఎట్లా ఉందో చెబుతాం. మోటారు శబ్దం విని బోరులో నీళ్లు తగ్గాయని కనిపెడతాం. మా నాన్న ఎడ్లబండి కట్టే ముందు ఇరుసు చూడకుండా కదిలేవాడు కాదు. ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన ఇంట్లోనే చేసేవాడు. కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అని మనవాళ్లే అన్నారు. ఎనభై వేలు పెట్టి కొన్న బండికి మాత్రం ఎక్కడ ఆయిల్ పోస్తారో మనలో చాలామందికి తెలియదు. ఆ పుల్ల చూడ్డానికి రూపాయి ఖర్చు లేదు, రెండు నిమిషాల పని.

ఆ దెబ్బతో నేను నేర్చుకున్నా. మొదటిసారి చేసేవాళ్ల కోసం క్రమంగా చెబుతా. ఇది నా బండి లాంటి వంద సీసీ బళ్ల సంగతి. మీ బండికి తేడా ఉండొచ్చు, కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం ఒకసారి తిరగేయండి. పాత రెండు స్ట్రోకుల ఎక్స్ఎల్ బళ్లకు ఆయిల్ పెట్రోల్లోనే కలుపుతాం కాబట్టి వాటి సంగతి వేరు.

బండి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచండి. ఆయిల్ వేడెక్కి పల్చబడితే అడుగున మడ్డితో సహా దిగుతుంది. బాగా తిరిగొచ్చిన బండైతే కాసేపు ఆగండి, చేతులు కాలతాయి. సమంగా ఉన్న నేల మీద మెయిన్ స్టాండ్ వెయ్యండి. కింద పాత బేసిన్ పెట్టండి. పైన ఆయిల్ పుల్ల ఉన్న మూత తీసి పక్కన శుభ్రమైన గుడ్డ మీద పెట్టండి. ఇంజన్ అడుగున ఒక బోల్టు ఉంటుంది, నా బండికి 17 నంబరు రింగు పానా పట్టింది. కటింగ్ ప్లేయరుతో మాత్రం తిప్పొద్దు, మూలలు అరిగిపోతాయి.

ఇక్కడే అందరూ పప్పులో కాలేసేది. బోల్టు కింద నుంచి ఉంటుంది. మనం పైనుంచి వంగి తిప్పుతాం. పైనుంచి చూస్తే వదులయ్యే వైపు, బిగిసే వైపు తారుమారుగా కనిపిస్తాయి. నేను మొదటిసారి వదులు చేస్తున్నా అనుకుని బిగించా. రావట్లేదేందని పానాకు పైపు ముక్క తగిలించబోయా. అదృష్టం కొద్దీ పక్క చేను తమ్ముడు చూసి ఆపాడు. ఇంజన్ అడుగు మెత్తటి లోహం, మర పోయిందంటే మళ్లీ మర కొట్టించాలి. అందుకని తల కిందికి పెట్టి బోల్టు ముఖం చూడండి. అట్లా చూస్తూ గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే వదులవుతుంది.

ఆయిల్ దిగేటప్పుడు చూడండి, అసలు చదువు అక్కడే ఉంది. నల్లగా ఉంటే కంగారు పడొద్దు, మసిని మోసుకొచ్చి నల్లబడటం దాని పనే. పాలు పోసిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయని అర్థం. వాగులో, కాలవలో బండి మునిగితే ఇట్లా అవుతుంది. బోల్టుకు సన్నటి పొడి అంటితే పర్లేదు, లోహపు పెళ్లలు కనిపిస్తే మాత్రం మేస్త్రి దగ్గరికి పోవాల్సిందే.

చుక్కలు ఆగేదాకా పది నిమిషాలు ఆగి, బోల్టు తుడిచి, వాషర్ కొత్తది వేసి, ముందు చేత్తోనే మర ఎక్కించండి. తర్వాత పానాతో ఒక మోస్తరుగా బిగించండి. బలం చూపించే చోటు కాదది. కొత్త ఆయిల్ గరాటుతో పోయండి. నా బండికి 10W30 రకం, నాలుగు స్ట్రోకుల మోటార్ సైకిల్‌కే అని డబ్బా మీద రాసి ఉన్నది వాడతా. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోయొద్దు. మన బళ్లలో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి, రకం తేడా వస్తే క్లచ్ జారుతుంది.

డబ్బా 900 మిల్లీలీటర్లు ఉంది కదా అని గుడ్డిగా మొత్తం వంచొద్దు. ముప్పావు లీటరు దాకా పోసి పుల్లతో చూడండి. పుల్లను తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉండాలి. రెండు నిమిషాలు ఇంజన్ తిప్పి, ఆపి, రెండు మూడు నిమిషాలాగి మళ్లీ చూసి, తగ్గితే కాస్త పోయండి. ఎక్కువైనా మంచిది కాదు. తెల్లారి లేచాక బండి కింద మరక ఉందేమో చూడండి.

"మరి మేస్త్రీల పొట్ట కొడతావా" అని మా ఊళ్లో ఒకాయన అన్నాడు. లేదు. నా బండిలో ఆయిల్ జల్లెడ శుభ్రం చెయ్యాలంటే పక్క కవర్ విప్పాలి, అది మన పని కాదు, మేస్త్రిదే. కొత్త బండికి కంపెనీ సర్వీసులు ఉన్నన్నాళ్లు అక్కడే చేయించండి. తెలిసిన రైతు వచ్చి పక్కన నిలబడితే మంచి మేస్త్రికి ఇబ్బందేం ఉండదు.

ఇప్పుడు నా షరతు.

మొదటిసారి నేను తీసిన పాత ఆయిల్ గొడ్ల చావిడి వెనక గోడ వారగా పారబోశా. చెదలు రావులే అనుకున్నా. వారంలో వాన పడింది. ఆ నీళ్లు బోదెలోకి దిగినయ్. గేదెలు తాగే గుంట మీద రంగురంగుల పొర తేలింది. మా ఇంటిదే చూసి చెప్పింది, "నీ బండి బాగుపడింది, గొడ్ల నీళ్లు పాడైనయ్" అని. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. నెల రోజులు గొడ్లకు కుడితి తొట్టికే నీళ్లు మోశా.

ఆ నల్లటి ఆయిల్లో మసి, లోహపు పొడి ఉంటాయి. నేలలో పోస్తే అంత తొందరగా పోదు. 2016లో వచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది. మనం కంచె గుంజలకు పూస్తాం, చెయిన్‌కు రాస్తాం, కాలవ గట్టున వంచేస్తాం. అందులో దుమ్మూ పొడీ ఉంటాయి, చెయిన్‌కు అదేం మేలు చెయ్యదు. చేతులకు కూడా పట్టనివ్వకండి, పాలిథిన్ కవర్ తొడుక్కుని, అయ్యాక సబ్బుతో కడుక్కోండి.

ఇప్పుడు నేను కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాలోనే పాతది పోసి, మూత బిగించి, పిల్లలకు అందకుండా పైన పెడతా. మండలానికి పోయినప్పుడు పాత ఆయిల్ డ్రమ్ములో పట్టే షెడ్డుకు ఇచ్చేస్తా. వాళ్ల దగ్గర సేకరించేవాళ్లు కొనుక్కుపోతారు. డబ్బులు అడగను. మీ దగ్గర అట్లా తీసుకునే షెడ్డు లేకపోతే ఇంట్లో మార్చొద్దు, బండి షెడ్డుకే తీసుకుపోండి, పక్కన నిలబడి చూడండి. అదే మేలు. సగం పని నేర్చుకుని మిగతా సగం కాలవలో పారబోస్తే అది నేర్చుకోవడం కాదు.

ఇంత చదివి ఆయిల్ మార్చకపోయినా పర్లేదు. రేపు పొద్దున చేనుకు పోయే ముందు ఆ పుల్ల ఒకసారి తీసి చూడండి. గీత కంటే కిందుంటే ఆ రోజే పోయించండి. నేను చూడక తొమ్మిది వేలు కట్టా.

మీ బండి సంగతి, మీ ఊళ్లో పాత ఆయిల్ ఎవరు తీసుకుంటారో రాయండి. నలుగురికీ పనికొస్తుంది. నేను రాసిందాంట్లో తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి, దిద్దుకుంటా.