కెమెరాకో పట్టెడ

కెమెరా కొనడానికి ఆరు నెలలు ఆలోచించే మనిషి, దాన్ని మెడలో తగిలించుకునే పట్టీ గురించి ఆరు నిమిషాలు కూడా ఆలోచించడు. నలుగురినీ అడుగుతాడు, నాలుగు దుకాణాలు తిరుగుతాడు, లెన్సు యెలాంటిది, మసక వెలుతురులో యెలా తీస్తుంది అని ఆరాలు తీస్తాడు. తీరా ఇంటికి తెచ్చి పెట్టె విప్పాక, అడుగున చుట్టచుట్టి పెట్టిన పట్టీని యథాలాపంగా తగిలించేసుకుంటాడు. ఆ పట్టీ మీద కంపెనీవారి పేరు బెత్తెడేసి అక్షరాల్లో వుంటుంది. డబ్బు పోసి సరుకు కొన్నదీ మనమే, ఊరంతా తిరిగి వాళ్ళ పేరు చాటింపు వేసేదీ మనమే!

సెల్‌ఫోనుతో ఫోటోలు తీసుకునే యీ రోజుల్లో కెమెరా పట్టీల గొడవ యెందుకయ్యా అని మీలో కొందరు పేజీ తిప్పబోతున్నారని నాకు తెలుసు. కాస్త ఆగండి. ప్రతి ఇంట్లోనూ బీరువా పై అరలో ఒక కెమెరా వుంటుంది. నాన్నగారిదో, తాతగారిదో, లేక పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తానని అబ్బాయి పోరుపెట్టి కొనిపించుకున్నదో. దాన్ని బయటికి తీసే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు దాని ప్రాణం ఆ పట్టీ మీదే వేలాడుతుంది.

మేముండేది దబీర్‌పురాలో. దబీరంటే పారశీకంలో వ్రాయసగాడు. నాబోటివాడు కాపరం వుండదగిన పేటే అన్నమాట. పాత హైదరాబాదు కోటగోడకు ఒకప్పుడు పదమూడు దర్వాజాలుండేవి. ఇప్పుడు మిగిలినవి రెండే. ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండోది మాది. అందుచేత మెడలో కెమెరా వేసుకుని తల పైకెత్తి నడిచేవాళ్ళు మా వీధిలో తరచు కనిపిస్తారు. ఇక ముహర్రం 10వ నాడు చెప్పనక్కరలేదు. ఇక్కడి బీబీకా అలావా నుంచి బీబీకా అలం ఏనుగు మీద బయల్దేరి, చార్మినారు మీదుగా చాదర్‌ఘాట్ దాకా ఊరేగుతుంది. కుతుబ్‌షాహీల కాలంనుంచీ వస్తున్న ఆచారమిది. ఆ నాటి జనంలో కెమెరాలవాళ్ళను చూస్తే పట్టీల శాస్త్రమంతా ఒక్క పూటలో తెలిసిపోతుంది. పొద్దున మెడలో వేసుకుని వచ్చినవాడు మధ్యాహ్నానికి భుజానికి మారుస్తాడు, భుజం మీద నుంచి జారుతోందని చేతికి చుట్టుకుంటాడు, మూడు గంటలయ్యేసరికి ఒక చేత్తో కెమెరా, రెండో చేత్తో మెడ పట్టుకుని ఏ అరుగు మీదనో కూలబడతాడు.

ఈ మెడనొప్పి పెద్దవాళ్ళకు లేదు లెండి. ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) పెట్టెంత కెమెరాను మూడు కాళ్ళ మీద నిలబెట్టి, గాజుపలకల మీద బొమ్మలు పట్టేవారు. అది మోసేందుకు మనుషులుండేవారు. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ పెట్టె కెమెరా అమ్మినప్పుడు, భుజాన వేసుకునే తోలుసంచి కూడా ఇచ్చాడు. అంటే పట్టీ వుండేది సంచికి, కెమెరాకు కాదు. 1925లో అమ్మకానికి వచ్చిన లైకాకు కూడా ఆ మొదట్లో చెవులు లేవు. పట్టీ తగిలించే చెవులు ఆ కంపెనీ కెమెరాలకు 1933లో వచ్చాయి. అప్పటినుంచే ఇనుపరింగు కెమెరా వొంటికి రాసుకోవడమూ మొదలైంది. అంతకు ముందు సంచి గీతలన్నీ తన మీద వేసుకునేది.

సరే, ముందు మెడ సంగతి చూద్దాం. లెన్సుతో కలిపి ఒక కిలో తూగే కెమెరా వుందనుకోండి. మెడ వెనక పట్టీ ఆనేది జానెడు మేర. పట్టీ వెడల్పు 1 సెంటీమీటరైతే ఆ కిలో బరువంతా సన్నని గీత మీద పడుతుంది. వెడల్పు 4 సెంటీమీటర్లైతే అదే బరువు నాలుగింతల చోటు మీద పరుచుకుంటుంది, నొక్కుడు నాలుగోవంతుకు తగ్గుతుంది. బిందె కింద చుట్టకుదురు యెందుకు పెట్టుకుంటారో ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? అయితే వెడల్పొక్కటే చాలదు. బిర్రుగా, గట్టిగా వున్న నైలాను పట్టీ మెడ వొంపుకు వొదగదు, ఒక అంచు మీద నిలబడి కోస్తుంది. దుకాణంలో పట్టీని అరచేత్తో తడిమి మురిసిపోకండి. దాని అంచును మెడ పక్కన పెట్టి రెండుసార్లు లాగి చూడండి. చురుక్కుమంటే అది మీది కాదు.

మెత్తగా సాగే రబ్బరు పట్టీలు కొన్ని వున్నాయి, నియోప్రీన్ అంటారు. బరువు సగమైనట్టు అనిపిస్తుంది, నిజమే. కాని నడిచేటప్పుడు కెమెరా మొగ్గలేస్తుంది, బొడ్డుకు తగిలి మళ్ళీ పైకి లేస్తుంది. పైగా మన ఎండలకు దాని కింద చెమట మరుగుతుంది. కూర్చుని తీసేవారికి బాగానే వుంటుంది, తిరిగేవారికి నేను చెప్పను. తోలు అందం తోలుదే. వాడినకొద్దీ వొంటికి అలవాటౌతుంది. కాని చౌకరకం తోలు చెమటకు రంగు వదులుతుంది. కొనేముందు తడి చేసిన తెల్ల చేతిరుమాలుతో గట్టిగా రుద్ది చూడండి. రుమాలుకు రంగంటితే రేపు మీ చొక్కా కాలరుకూ అంటుతుంది. దుకాణంవాడు మొహం ముడుచుకుంటాడు, ముడుచుకోనీండి. నన్నడిగితే మన వాతావరణానికి ఒత్తుగా నేసిన నూలుపట్టీ శ్రేష్ఠం. కారు సీటుబెల్టులాంటి నున్నని నేతదైతే ఒక వైపునుంచి రెండోవైపుకు జారుడు సులువు.

ఇంకొక మాట. బరువైన కెమెరాను మెడలో వేసుకోవడమే దండుగ. ఒక భుజం మీదనుంచి రెండో తుంటి మీదకు, జంధ్యంలా వేసుకోండి. బరువు మెడ యెముకల మీద కాక భుజం కండ మీద పడుతుంది. దానికి పొడుగు పట్టీ కావాలి. ఎంత పొడుగో దుకాణంవాణ్ణి అడగవద్దు, వాడి దగ్గరున్నదే మీకు సరిపోతుందంటాడు. ఇంట్లోనే ఒక నూలుతాడు కెమెరాకు కట్టి అలా వేసుకుని, తుంటియెముకకు కాస్త పైన కెమెరా ఆనేట్టు ముడివేసి, ఆ తాడు టేపుతో కొలవండి. ఆ కొలతతో బజారుకు వెళ్ళండి.

ఇక గీతల సంగతి. దీనికి నాకు గురువు మా అన్నగారి అమ్మాయి. అన్నయ్య పోయి మూడేళ్ళయింది. ఆయన వాడిన పాత ఫిల్ము కెమెరా పిల్ల చేతికి వచ్చింది. ఇత్తడి మీద నల్లరంగు వేసిన కెమెరా. అన్నయ్య కుడిచేతి వేళ్ళు ఆనే చోట రంగు అరిగి ఇత్తడి బంగారంలా బయటపడింది. చెవుల కింద మాత్రం రింగు రాసుకుని చంద్రవంకల్లా గీతలు పడ్డాయి.

"బాబాయ్, ఈ అరుగుదల నాన్నది. ఇది ఇలాగే వుండాలి. ఆ గీతలు రింగువి. ఇక ఒక్కటి కూడా పడకూడదు. ఏం పట్టీ కొనమంటావు?" అంది.

"పద, అమ్మడూ" అని దర్వాజా దగ్గర చెప్పులు కుట్టుకునే పెద్దాయన వద్దకు తీసుకెళ్ళాను. కెమెరా చెవులకూ రింగులకూ మధ్య రెండు మెత్తని తోలుబిళ్ళలు కోయించుకుందామని నా ఆలోచన. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, రింగును గోటితో ఇటూ అటూ తిప్పి చూసి, "సాబ్, గీతలు తర్వాత. పహలే యే దేఖో" అన్నారు.

చూస్తే కుడిచెవి రంధ్రంలో పైవైపు గాడి పడివుంది. ఉక్కురింగు యేళ్ళ తరబడి ఊగి ఊగి ఇత్తడిని కోసేసింది. అగ్గిపుల్ల మందంలో సగం కూడా మిగల్లేదు. ఆ వారంలోనే ఊరేగింపు. పిల్ల ఆ కెమెరాతోనే వెళ్ళాలనుకుంటోంది. అది నడివీధిలో తెగితే జనం కాళ్ళ కింద యేమయ్యేదో!

"చాచా, మీరు కుట్టగలరా?" అని అడిగితే, "యే మేరా కామ్ నహీ, మిస్త్రీకి చూపించండి" అని నిక్కచ్చిగా చెప్పేశారు. కోఠీలో కెమెరాలు బాగుచేసే ఒకాయన దగ్గర కొత్త చెవి వేయించుకుని వచ్చాక, మోచీ చాచా మేకతోలుతో రూపాయి బిళ్ళంత చక్రాలు రెండు కోసి, మధ్యలో బెజ్జం, పక్కన చీలిక పెట్టి, రింగుల వెనక తొడిగారు. పట్టీ చివర్లు మైనపుదారంతో కుట్టారు. చాయి ఖర్చుకు మించి పుచ్చుకోలేదు.

అప్పటినుంచి పట్టీ కొనేవారెవరొచ్చినా నేను చెప్పేది ఇదే: మధ్యభాగం చూసి మోజుపడకండి, చివరి రెండంగుళాలు చూడండి. కెమెరాను గీసేది తోలూ కాదు, నూలూ కాదు. తాళపుచెవుల గుత్తికి వుండే రింగులాంటిది ఒకటి వుంటుంది చూశారూ, అది, ఆ పైన బక్కిలు. రింగు వెనక తోలుబిళ్ళ లేని పట్టీ, బక్కిలు మీద తోలు మూత లేని పట్టీ యెంత ఖరీదైనా కొనకండి. కొన్ని పట్టీలకు కుక్కగొలుసు కొక్కెంలాంటిది వుంటుంది. గబుక్కున తగిలించి గబుక్కున తీయడానికి బాగుంటుందిగాని, ఊగినప్పుడల్లా కెమెరాకు ఠపీమని తగులుతుంది. కెమెరా అడుగున మరబిగించి వేలాడదీసేవి మరో రకం. ఆ మర నడకకు వదులౌతుంది, గంటకోసారి బిగింపు చూసుకునే వోపికుంటేనే అవి.

పట్టీ యెంత మంచిదైనా దుమ్ము పట్టిందంటే ఆకురాయి అయి కూర్చుంటుంది. ఇసుకలో వుండే స్ఫటికం కాఠిన్యం మోస్ కొలతలో 7. మామూలు గాజుకు ఐదున్నర. నేత సందుల్లో ఇరుక్కున్న ఇసుకరేణువు వెనకవైపు తెరనూ, లెన్సునూ యెందుకు గీయదు? సంచిలో పెట్టేటప్పుడు పట్టీని కెమెరా చుట్టూ బిగించి చుడతారు చాలామంది. గీతలు సగం అక్కడే పడతాయి. పట్టీని పక్కన మడిచిపెట్టి, మధ్యలో మెత్తని గుడ్డ వేయండి. నూలుపట్టీని అప్పుడప్పుడు విప్పి సబ్బునీళ్ళలో వుతికి నీడపట్టున ఆరేయండి. తోలుదైతే ఆరీఆరని గుడ్డతో తుడవడమే, నీళ్ళలో ముంచవద్దు.

అన్ని గీతలకూ పట్టీని నిందించనూ కూడదు. మెడలో వేలాడే కెమెరా వెనకతెర చొక్కా గుండీలకు, నడుముబెల్టు బక్కిలుకు రాసుకుంటుంది. మా ఆవిడైతే సూత్రాల గొలుసు పైటలోపలికి దోపుకుని గాని కెమెరా తగిలించుకోదు. కెమెరా తెర కోసం కాదు సుమా, పట్టీ కొక్కేనికి గొలుసెక్కడ చిక్కుకుంటుందోనని! కారణమేదైనా ఫలితం మంచిదే.

ఊరేగింపునాడు మా అమ్మడు నూలుపట్టీని జంధ్యంలా వేసుకుని, జనం వొత్తిడి యెక్కువైనచోట కెమెరాను ముందుకు తిప్పి పొట్టకు ఆనించుకుని నడిచింది. వెనక వదిలేస్తే యెవరి మోచేతికి తగులుతుందో, యెవరు పట్టి లాగుతారో తెలియదు. మెడచుట్టూ బిగిసేట్టు వేసుకుంటే ఆ లాగుడు మెడకే వస్తుంది. శోకంలో వున్న మనుషుల మొహాలు తీసేముందు అనుమతి అడిగింది, కాదన్నచోట కెమెరా దించింది. సాయంత్రం ఇంటికొచ్చాక కెమెరాను దీపం కింద పెట్టి చెవులు రెండూ పరీక్షగా చూసుకుంది. కొత్త గీత లేదు. మెడా నొప్పిలేదంది.

మీరు కొత్తపట్టీ తొడిగిన రోజున తిన్నగా వీధిలోకి వెళ్ళకండి. పరుపు మీద నిలబడి, కెమెరా పరుపుకు జానెడెత్తున వుండేట్టు పట్టుకుని, రెండు చివర్లనూ ఒక్కొక్కటే గట్టిగా నాలుగుసార్లు గుంజి చూడండి. కుట్టు దగ్గర పోగు లేచినా, రింగు నోరు విచ్చుకున్నా, బక్కిలులోనుంచి పట్టీ వేలెడు జారినా విప్పేసి దుకాణానికి తిరిగి పట్టుకెళ్ళండి. రసీదు పారేయలేదు గదా?