అడగని శ్రుతి

మా గురువుగారు పద్యం చదివేటప్పుడు చివరి పాదం దగ్గర గొంతు బాగా తగ్గించేవారు. భావమంతా ఆ తగ్గుస్వరంలోనే ఉండేది. 1986లో క్యాసెట్టుపై పట్టుకొన్న ఆ గొంతును ఇటీవల కంప్యూటరులోకి ఎక్కించబోగా, సరిగా ఆ చివరి పాదాల దగ్గరే ‘గుంయ్’మనే రొద ఆయన మాటను మింగివేసింది. తంబూరా శ్రుతిలో గాయకుడు గొంతు కలుపుతాడు. ఎవరూ అడగని ఈ శ్రుతిలో ఎవరు కలపగలరు?

టేపు పాతబడిందనుకొన్నాను. టేపు ఆపినా రొద ఆగలేదు. రేడియోలు బాగుచేసే నా పూర్వవిద్యార్థి ఒకరు వచ్చి, నడుమనున్న చిన్న ప్రీయాంప్లిఫయరును అడాప్టరు తీసి 12 వోల్టుల బ్యాటరీతో నడిపించారు. రొద మాయమైంది. దోషం అడాప్టరుదని తేలింది.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులది, సెకనుకు 50 ఆవృత్తులది. ట్రాన్స్‌ఫార్మరు ఆ వోల్టేజిని తగ్గిస్తుంది, డయోడులు ప్రవాహాన్ని ఒకే దిక్కుకు మళ్లిస్తాయి. అప్పటికది సెకనుకు 100 మార్లు ఎగసిపడుతూ ఉంటుంది. ఆ ఎగుడుదిగుళ్లను పూడ్చేది కెపాసిటరు. కుళాయి ఆగినప్పుడు ఆదుకొనే నీళ్లతొట్టి వంటిది. ఏళ్లు గడిచేకొద్దీ అందులోని ద్రవం ఎండి తొట్టి చిన్నదవుతుంది. ఆ ఒడుదొడుకులే మనకు రొదగా వినబడతాయి.

ఈ లోపల ఒక దుకాణంవారు బంగారుపూత పిన్నుల పవర్ కార్డు కొనమన్నారు. ధర విని నమస్కరించి వచ్చాను. గోడలోని మామూలు తీగల గుండా వచ్చిన కరెంటుకు చివరి గజం దూరంలో పట్టుబట్ట కట్టినంత మాత్రాన గుణం మారుతుందా? గణాలు తప్పిన పద్యానికి యతిప్రాసలు దిద్దినట్లే.

మా శిష్యుడు ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడులు, 4700 మైక్రోఫారడుల కెపాసిటరు, 7812 రెగ్యులేటరుతో కొత్త సప్లై కట్టి ఇచ్చాడు. అర ఆంపియరు తీసుకొన్నా కెపాసిటరు దగ్గర ఒడుదొడుకు సుమారు ఒక వోల్టుకు మించదు. మిగిలినదాన్ని రెగ్యులేటరు దాదాపు తుడిచివేస్తుంది.

కనుక నా అభిప్రాయమిది: పవర్ సప్లై మార్చడం చికిత్సే గాని అలంకారం కాదు. రోగం లేనిచోట మందు వేయనక్కరలేదు. రెండు పరికరాలను కలిపే తీగ పీకగానే రొద ఆగితే, అది చాలామార్లు ఎర్తుల చిక్కు. కొత్త సప్లైతో అది తీరదు. దాన్ని పోగొట్టడానికి ఎర్తు పిన్ను విరిచేవారున్నారు. ఆ పని ప్రాణాంతకం. కొత్త అడాప్టరు వోల్టులు, ధన ఋణ ధ్రువాలు పాతదానితో సరిపోవాలి. ఆంపియర్లు ఎక్కువైనా బాధ లేదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ కెపాసిటరులో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. పెట్టె విప్పే పని తెలిసినవారికే వదలాలి.

ఇప్పుడు చివరి పాదాలు స్పష్టంగా వినబడుతున్నాయి. పద్యం ముగిశాక గురువుగారు విడిచిన చిన్న నిట్టూర్పు కూడ వినబడింది. నాడు ఎదుట కూర్చొని, రికార్డరు మీటల మీదనే చూపు నిలిపి, నేను దానిని విననేలేదు.