గేటు వేస్తే ఈగ ఆగదు

కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి. మనలో చాలామంది ఇళ్లలో ఆవులో ఎనుములో జీవాలో ఉన్నాయి. లేనివాళ్లూ పాలు కొనుక్కునేవాళ్లే.

2022లో ముద్దచర్మ వ్యాధి ముదిరినప్పుడు కర్ణాటకలో జిల్లా తర్వాత జిల్లా పశువుల సంతలు, రవాణా ఆపేశాయి. రోగం ఊరి మీద పడ్డప్పుడు ఆపాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఆపడమే వైద్యం అనుకోవడం దగ్గర. ఆ రోగాన్ని మోసేవి కుట్టే ఈగలు, దోమలు, పిడుదులు. వాటిని ఏ చెక్‌పోస్టులో ఆపుతారు?

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరుకు పోయింది, ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. మనుషులకు గీత పడింది. తుంగభద్ర కాలువ నీళ్లు మాత్రం ఇటునుంచి అటు పారుతూనే ఉన్నాయి. కోతలయ్యాక గొర్రెల మందలు ఎరువు కోసం అటూ ఇటూ చేలల్లో దిగుతూనే ఉన్నాయి.

2025లో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అనగానే అందరం తూర్పుకేసి చూశాం. ఫిబ్రవరి నెలాఖరుకల్లా మన సండూరు తాలూకా కురేకుప్పలో, సర్కారు కోళ్ల కేంద్రంలోనే, 2,000కు పైగా కోళ్లు చచ్చాయి. ముందు వాకిట కాపలా పెట్టి పెరటి తలుపు తెరిచి పడుకుంటే ఇంతే.

చట్టం ఏం చెబుతోంది? పశువుల అంటువ్యాధుల మీద 2009లో కేంద్రం చేసిన చట్టం ప్రకారం, రోగం ఉందన్న అనుమానం రాగానే యజమాని ఊరి అధికారికో పంచాయతీకో చెప్పాలి. కబురు అక్కడినుంచి పశువైద్యుడికి పోవాలి. నియంత్రిత ప్రాంతంలో కూడా టీకా పడి, పత్రం, గుర్తు ఉన్న పశువును తోలుకుపోవచ్చు. అంటే టీకానే గేటు పాసు. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పశుపోషణ పంచాయతీల అంశాల్లో 4వది. మరి మన పంచాయతీల్లో ఏ ఊళ్లో ఎన్ని పశువులకు టీకా పడిందో చెప్పే పుస్తకం ఎన్నిచోట్ల ఉంది? అడిగి చూడండి.

మందలకు మందలు తుడిచిపెట్టిన పెద్దరోగం మన దేశంలో పోయిందని 2006లో గుర్తించారు, ప్రపంచంలోనే లేదని 2011లో ప్రకటించారు. అది గేట్లు వేస్తే పోలేదు. ఊరూరా సూది వేసి, ఆ తర్వాత ఊరూరా వెతికితే పోయింది.

ఎద్దు చస్తే 30,000, ఆవు చస్తే 20,000 అని అప్పట్లో ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. ఇచ్చినందుకు సంతోషమే. కానీ 30,000కు జోడెద్దుల్లో రెండోది వస్తుందా? సూది ఖర్చు దాంట్లో ఎన్నో వంతు?

మనం అడగాల్సినవి మూడు. పంచాయతీలో టీకా పుస్తకం పెట్టి గ్రామసభలో చదవాలి. వానలకు ముందే, సంతల సీజనుకు ముందే సూదులు పూర్తి కావాలి. ఇక్కడి టీకా పత్రం గుంతకల్లులో, అక్కడిది బళ్లారిలో చెల్లాలి. కన్నడ పత్రమని అక్కడ, తెలుగు పత్రమని ఇక్కడ రైతును నిలబెట్టకూడదు.

మనకు మనం చెప్పుకోవాల్సింది ఒకటుంది. ఒంటిమీద గడ్డలు లేచిన ఆవును చీకటితో సంతకు తోలి ఎవరికో అంటగట్టడం వ్యాపారం కాదు, పాపం. ఆ పని చేసేవాడు మనవాడైనా సరే, సంఘం వెనకేసుకు రాకూడదు. సర్కారును నిలదీసే నోరు మనకు ఉండాలంటే ముందు మన దొడ్లు శుభ్రంగా ఉండాలి.

వచ్చే గ్రామసభకు ఊరికి పదిమందైనా వెళ్లండి. టీకా పుస్తకం చూపించమనండి. లేదంటే, లేదని రాసిమ్మనండి.