తొమ్మిది దాటితే దారి అడవిది

కొత్తగా బండి కొనుక్కున్న కుర్రాడు ఇంట్లో అడిగే మొదటి దూర ప్రయాణం చాలాసార్లు ఒకటే. ‘నాన్నా, ఆదివారం బండిమీద శ్రీశైలం వెళ్లొస్తాం. రాత్రికల్లా ఇంట్లో ఉంటాం’. ‘బస్సులున్నాయిగా’ అంటుంది అమ్మ. అతని సరదా అతనిది, ఆమె భయం ఆమెది. నిజానికి భయపడాల్సింది బండి గురించి కాదు, ‘రాత్రికల్లా’ అన్న మాట గురించి.

లెక్క చూడండి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాదాపు 215 కిలోమీటర్లు. పోనూ రానూ 430. కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూరు దాకా దారి చాలావరకు మైదానమే. అక్కడినుంచి డ్యాం దాకా దాదాపు 60 కిలోమీటర్లు నల్లమల. వంపులు, ఎత్తుపల్లాలు, చివర్లో ఘాటు. గంటకు సగటున 40 కిలోమీటర్ల చొప్పున వెళ్లినా ఒకవైపే ఐదున్నర గంటలు. మధ్యలో టిఫిను, దర్శనం క్యూ, భోజనం. తిరిగి బయల్దేరేసరికి పొద్దు వాలుతుంది. ఇక అక్కడినుంచి బండి నడిపేది మనిషి కాదు, గడియారం. ఎందుకంటే అడవికి గేటుంది.

మన్ననూరు దగ్గర, అవతల దోమలపెంట దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టులున్నాయి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. శ్రీశైలం నుంచి దోర్నాల దిగే దారిలోనూ ఇదే పద్ధతి. ఈ అడవి 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, దక్షిణాన ఉన్నది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అయ్యాయి. పులి, చిరుత, ఎలుగుబంటి, కణితి, దుప్పి... వీటిలో చాలావాటికి చీకటిపడ్డాకే తిరుగుడు. హెడ్‌లైటు కళ్లలో పడితే దుప్పి పారిపోదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. పాములు వెచ్చదనం కోసం తారురోడ్డు మీదికి చేరతాయి. పగలంతా మనకిచ్చిన దారిని ఆ తొమ్మిది గంటలూ వాటికి వదిలేయడమే ఆ గేటు పని.

గేటు పడేలోపు దాటాలని పరుగెత్తేవాళ్లకు ఇదంతా గుర్తుండదు. ఆ హడావుడిలో అడవికీ, బండిమీద ఉన్నవాళ్లకూ ప్రమాదమే. కాబట్టి మీ అబ్బాయిని వద్దనకండి. ఒకరోజు ప్రయాణాన్ని రెండురోజులు చేయమనండి. శ్రీశైలంలో సత్రాలున్నాయి, గదులున్నాయి. పండగలు, కార్తీకం, శివరాత్రి రోజుల్లో మాత్రం ముందే చూసుకోవాలి. మర్నాడు పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కేలోపు అడవి దాటేయొచ్చు.

ఇక ప్రయాణం సంగతి. అడవిలోకి వెళ్లేముందే ట్యాంకు నింపుకోవాలి. లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. కాబట్టి ఎక్కడిదాకా వచ్చారో మన్ననూరులోనే ఇంటికి చెప్పేయడం మంచిది. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలి. మన్ననూరు దాటాక ఫరహాబాద్ వస్తుంది. అటవీశాఖ సఫారీ ఉన్నది ఇక్కడే. ఇంకా ముందుకెళితే వటవర్లపల్లి. అక్కడినుంచి పక్కకు తిరిగి కొన్ని కిలోమీటర్లు వెళితే మల్లెలతీర్థం జలపాతం. మెట్లు చాలానే దిగాలి, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి. వేసవిలో వెళితే ధార సన్నగిల్లి ఉంటుంది. వానలు పడ్డాక, అక్టోబరు నుంచి జనవరి దాకా అడవి పచ్చగా, గాలి చల్లగా ఉంటుంది. ఫిబ్రవరి చివర్లో ఆకులు రాలిపోయినా మోదుగలు ఎర్రగా పూస్తాయి. కారులో అద్దాలెత్తుకుని వెళ్లేవాళ్లకు అందనిది బండిమీద వెళ్లేవాళ్లకు దొరుకుతుంది. ఇప్పపూల వాసన, ఉన్నట్టుండి తగిలే చల్లగాలి, కొండముచ్చు కేక. అయితే నెమ్మదిగా వెళితేనే!

ఈగలపెంట దాటాక ఘాటు కృష్ణలోకి దిగుతుంది. పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో బండిని వదిలేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇక్కడ అది ప్రాణాల మీదికి తెస్తుంది. గేరులో ఉన్న ఇంజన్ చక్రాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అదేపనిగా నొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతాయి. పాత డ్రైవర్లు చెప్పే సూత్రం ఒక్కటే: ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. మలుపుకు ముందు హారన్ కొట్టి, ఎడమ అంచునే ఉండాలి. హెయిర్‌పిన్ మలుపులో బస్సుకు రోడ్డంతా కావాలి. ఫొటోల కోసం మలుపులో బండి ఆపొద్దు.

ఘాటు దిగితే 512 మీటర్ల పొడవున శ్రీశైలం ఆనకట్ట కనిపిస్తుంది. పన్నెండు గేట్లు. వరద వచ్చి గేట్లెత్తిన రోజుల్లో తుంపర రోడ్డుదాకా వస్తుంది. జనం కూడా విపరీతంగా ఉంటారు, తడిసిన రోడ్డు జారుతుంది. వంతెన దాటి సున్నిపెంట మీదుగా ఎక్కితే శ్రీశైలం. ఓపికుంటే దోర్నాల దారిలో శిఖరేశ్వరం దాకా వెళ్లండి. ఎత్తు 2,830 అడుగులు. అక్కడ నువ్వులు వేసి నంది కొమ్ముల మధ్య నుంచి ఆలయ శిఖరాన్ని చూడటం తరతరాల ఆచారం.

రోడ్డు పక్కన కోతులు వరసగా కూర్చుని ఉంటాయి. జాలిపడి అరటిపండో, చిప్స్ పొట్లామో విసురుతాం. రుచి మరిగిన కోతి అడవిలో కాయ వెతుక్కోదు. బండి చప్పుడు వినగానే రోడ్డు మీదికొస్తుంది, తర్వాతి బండి కింద పడుతుంది. మనం పెట్టిన పండే దాన్ని చంపినట్టు. ప్లాస్టిక్ సంగతీ అంతే. తీసుకెళ్లిన ఖాళీ సీసా వెనక్కి తెచ్చుకోవాల్సిందే.

ఈ అడవిలో మనకంటే ముందునుంచీ ఉన్నవాళ్లు చెంచులు. మల్లన్నను తమ అల్లుడని చెప్పుకుంటారు. చెంచు మల్లయ్య అన్న పేరు అందుకే. మనకు ఇది దేవుడి దగ్గరికి వెళ్లే దారి, వాళ్లకు ఇంటి వాకిలి. ఒకరి వాకిట్లోంచి వెళ్లేటప్పుడు ఎలా నడుస్తామో బండినీ అలాగే నడపాలి. పెంటల దగ్గర వేగం తగ్గించాలి. అడక్కుండా ఫొటోలు తీయకూడదు.

పొద్దున 6కి గేటు తీయగానే వెళ్లే మొదటి బండి మీదైతే, ఒక్కసారి రోడ్డు అంచున మట్టికేసి చూడండి. రాత్రి దాటిన గిట్టల గుర్తులు ఉంటాయి. వాటి పక్కన నెత్తురు మరక లేకపోతే, ఆ రాత్రి గేటు తన పని చేసినట్టే.