వైడ్ లెన్సుకు ఎఫ్ 8 శాసనం ఎవరు రాశారు?

వైడ్ లెన్సు తగిలిస్తే అపర్చరు ఎఫ్ 8కి మూసేయాలి, వెనక మసక కావాలంటే 85 ఎంఎం వాడాలి. ఫొటోగ్రఫీ నేర్చుకునే ప్రతి కుర్రాడికీ మొదట ఎక్కించే పాఠం ఇదే. ఈ పాఠమే మన పడమటి కర్నూలు ఫొటోలను పాడుచేసిందని నా అభియోగం. ఊరు లేని ముఖాలో, మనిషి ఆనని ఊళ్లో, రెండే మిగిలాయి.

ఎమ్మిగనూరునే తీసుకోండి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఊరు. గుంట మగ్గం ఉన్న ఇంట్లో గోడకూ మగ్గానికీ మధ్య ఒక మనిషి ఇరుక్కునేంత సందే ఉంటుంది. అక్కడ 85కి ముఖం తప్ప మరేదీ పట్టదు. 24 ఎంఎం వైడ్ లెన్సయితే మనిషి, పడుగు, గుంట, కిటికీ అన్నీ పడతాయి. కానీ గదిలో వెలుగు తక్కువ. లెన్సు పూర్తిగా తెరిచిన ఎఫ్ 1.4 నుంచి ఎఫ్ 8కి వెళ్తే లోపలికి వచ్చే వెలుగు 32వ వంతుకు పడిపోతుంది. సెకనులో అరవయ్యో వంతులో దొరకాల్సిన ఫొటోకు అర సెకను పడుతుంది. ఈలోగా నాడె దాటిపోతుంది, చెయ్యి చెరిగిపోతుంది. ఐఎస్ఓ పెంచుకోవచ్చు కదా అంటారు. పెంచితే దండెం మీది చొక్కా, గోడ మీది క్యాలెండరు, వేలాడే వైరు కూడా నేతగాడి వేళ్లంత స్పష్టంగా వచ్చి చూపును లాగేస్తాయి.

వైడ్ లెన్సుకు మసక రాదన్నది సగం నిజం. ఫుల్ ఫ్రేమ్ కెమెరాపై 24 ఎంఎంతో మీటరు దూరంలోని మనిషిని ఎఫ్ 8లో తీస్తే సుమారు మీటరు లోతు స్పష్టంగా వస్తుంది. ఎఫ్ 1.4లో అది పదిహేను సెంటీమీటర్లే. మనిషిని అంతే పరిమాణంలో 85తో, అదే ఎఫ్ 1.4లో తీస్తే దూరపు వస్తువులు మూడున్నర రెట్లు ఎక్కువ చెదిరిపోతాయి, పైగా వెనకున్న దాంట్లో చిన్న ముక్కే కనిపిస్తుంది. 24లో వెనకాల మెత్తబడుతుంది గానీ మాయమవదు. నాకు కావలసింది సరిగ్గా అదే.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి దిగే రోజుల్లో ఎటు చూసినా తెలుపే. ఎఫ్ 8లో ఆ కుప్పల మధ్య రైతు కలిసిపోతాడు. 85లో తెల్లటి పొగ ముందు నిలబడతాడు, అది ఆదోనో ఆదిలాబాదో చెప్పలేం. అడుగు దూరం దాకా వెళ్లి, 24ను పూర్తిగా తెరిచి, గుప్పెట్లో పత్తిని పీచు లాగి చూపిస్తున్న చేతి మీద ఫోకస్ పెట్టండి. వెనక కుప్పలు, హమాలీలు, లారీ మెత్తగా ఉంటాయి, గుర్తుపట్టేలానూ ఉంటాయి.

ముఖాలు సాగుతాయన్న అభ్యంతరం నిజమే. ఫ్రేము అంచుకు ముఖాన్ని నెట్టకపోతే చాలా మటుకు తీరిపోతుంది. ఫోనులో పోర్ట్రెయిట్ మోడ్ ఉందిగా అనేవాళ్లకు ఒక మాట: ఫోను సెన్సారు చిన్నది, ఆ మసకలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి పూసింది. పత్తి నూగు, వేలాడే పోగు లాంటి సన్నని అంచుల దగ్గరే అది తరచూ తప్పుతుంది. పత్తీ నేతా బతుకైన చోట ఆ తప్పును నేను ఒప్పుకోను.

సుగ్గికి, అంటే సీజను కూలి పనుల వలసకు, గుంటూరు వైపు కదిలే కుటుంబాలను తీసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. వెనకంతా కరిగించిన ముఖం ఏ దేశపు పేదరికానికైనా సరిపోతుంది. తాళం వేసిన తలుపు, మూటలెక్కిన బండి మసకగానైనా ఆ తల్లి వెనక ఉండాలి. దాన్ని ఫోకస్ కుదరని వైడ్ షాట్ అని పోటీ జడ్జీలు పక్కన పడేస్తే, మార్చుకోవాల్సింది వాళ్ల కొలమానాన్నే.