సిన్ నంబరు ఉద్యోగం వచ్చాకే!

బ్రాంప్టన్, మిస్సిసాగా, స్కార్‌బరో తెలుగు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

ఈ కాగితం పారేయకండి. బస్సొచ్చేలోపు చదివేయొచ్చు.

మన దగ్గర రెజ్యూమే అడుగున ఏం రాసేవాళ్లం? తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందీ లేనిదీ, పాస్‌పోర్టు నంబరు. పైవన్నీ నిజమని డిక్లరేషన్, కింద సంతకం. సిమ్‌కి ఆధార్ జిరాక్స్, హాస్టల్‌కి ఆధార్ జిరాక్స్ ఇచ్చి ఇచ్చి, ఎవరు ఏ కాగితం అడిగినా తీసివ్వడం అలవాటైపోయింది. ఆ అలవాటుని కూడా పెట్టెలో సర్దుకుని పియర్సన్ ఎయిర్‌పోర్టులో దిగాం.

ఇక్కడ మంచి కంపెనీ ఏదీ ఆ వివరాలు రెజ్యూమేలో అడగదు. అవి కావలసింది పెళ్లిళ్ల పేరయ్యకి, లేదంటే దొంగకి.

ఆ దొంగకి అన్నిటికన్నా ముఖ్యంగా కావలసింది సిన్. సిన్ అంటే సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, తొమ్మిది అంకెలు. స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లది 9తో మొదలవుతుంది. దానికి పుట్టిన తేదీ, అడ్రసు తోడైతే మీ పేరున క్రెడిట్ కార్డు తీసుకోవచ్చు, అప్పు చేయవచ్చు. ఎవడో మీ సిన్ మీద పనిచేస్తే వాడి జీతానికి పన్ను కట్టమని కెనడా రెవెన్యూ ఏజెన్సీ మిమ్మల్ని అడుగుతుంది. సెమిస్టర్ నడుస్తుండగా కాలేజీ బయట వారానికి 24 గంటలకు మించి పనిచేయకూడని స్టూడెంటు పేరున ఎవడో రాత్రింబవళ్లు పనిచేసినట్టు కాగితాల్లో పడితే? అది నేను కాదు మొర్రో అని ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలి?

చట్టం మనవైపే ఉంది. పనిలో చేరాక మూడు రోజుల్లో యజమానికి సిన్ ఇవ్వాలి. చేరకముందు, అప్లికేషన్ ఫారంలోనో వాట్సాప్‌లోనో అడిగేవాడికి దాంతో పనేమిటి? "ఐ విల్ గివ్ ఇట్ ఆఫ్టర్ ఐ యామ్ హైర్డ్" అనండి. మొహమాటం వద్దు. ఆ మాటకే మాయమయ్యాడంటే వాడి దగ్గర మొదట్నుంచీ ఉద్యోగం లేదు.

ఇంకో రకం ఉన్నారు. ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌లోనే అయిపోతుంది, ఉద్యోగం వచ్చేస్తుంది, ల్యాప్‌టాప్ కొనుక్కోమని చెక్కు పంపుతారు. బ్యాంకులో వేయగానే డబ్బు కనబడుతుంది. మిగిలింది వెనక్కి పంపమంటారు. కొన్నాళ్లకి చెక్కు బౌన్సవుతుంది, మొత్తం మీ నెత్తిన పడుతుంది. జీతం వేయడానికి అకౌంటు వివరాలు చాలు. బ్యాంకు పాస్‌వర్డు అడిగేవాడు దొంగే.

"ఉద్యోగం ఇప్పిస్తానన్నది మన తెలుగన్నే కదా" అని పాస్‌పోర్టు అప్పగించేవాళ్లకి ఒక మాట. ఒంటారియోలో వలస కార్మికుల దగ్గర ఉద్యోగం ఇప్పించినందుకు ఫీజు తీసుకోవడం, వాళ్ల పాస్‌పోర్టు పట్టి ఉంచుకోవడం చట్టవిరుద్ధం. 2024 జులై 1 నుంచి రిక్రూటర్లకు లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ వెబ్‌సైటులో చూడండి. అన్నయ్య నొచ్చుకుంటే నొచ్చుకోనీండి.

అతి జాగ్రత్త అంటారా? క్యూబెక్‌లోని డేజార్డిన్స్ అనే ఆర్థిక సంస్థ నుంచి లోపలి ఉద్యోగి ఒక్కడే దాదాపు 97 లక్షల మంది వివరాలు బయటికి దాటించాడు, సిన్‌లతో సహా. ఆ సంగతి 2019లో బయటపడింది. అంత పెద్ద సంస్థ దగ్గరే నిలవనివి, జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ పంపినవాడి దగ్గర నిలుస్తాయా?

ఇప్పటికే ఇచ్చేశారా? సిగ్గుపడి దాచకండి. బ్యాంకుకి చెప్పండి. ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ రెండిటికీ ఫోన్ చేసి మీ పేరు మీద ఫ్రాడ్ అలర్ట్ పెట్టించండి. పోలీసు రిపోర్టు ఇవ్వండి. కెనడా యాంటీ ఫ్రాడ్ సెంటర్ నంబరు 1-888-495-8501. కొత్త సిన్ తెచ్చుకుందాంలే అనుకోవద్దు, అది చాలా అరుదుగా ఇస్తారు. ఫిబ్రవరి దాటాక రెవెన్యూ ఏజెన్సీ అకౌంటులో మీకు తెలియని యజమాని ఇచ్చిన టీ4 (జీతం స్లిప్పు) ఏదైనా ఉందేమో చూసుకోండి.

ఈ రాత్రికి చేయాల్సింది ఒక్కటే. రెజ్యూమే తెరిచి, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ఉన్న ఆ ఆఖరి పేరా చెరిపేయండి. తర్వాత ఈ కాగితాన్ని బేస్‌మెంట్‌లో ఫ్రిజ్ తలుపుకి అతికించండి. వచ్చే సెమిస్టర్‌కి దిగే కుర్రాళ్లు పాల డబ్బా కోసం ముందు అక్కడికే వస్తారు.

ఇట్లు,
మీకన్నా కొన్నేళ్లు ముందొచ్చిన తెలుగువాళ్లం