ధ్రువునికంటె స్థిరమైన గుఱుతులు

ధ్రువనక్షత్రము కదలదని మనము చిన్ననాఁటినుండి వినుచున్నాము. నిజమునకది ఆకాశధ్రువమునుండి సుమారు డిగ్రీలో మూఁడింట రెండువంతుల దూరముననుండి, దినమున కొకసారి చిన్న వలయము తిరుగుచునేయున్నది. పూర్వపు నావికునకది చాలియుండెను. సముద్రమట్టము ఏఁటికెన్ని మిల్లీమీటర్లు పెరుగుచున్నదో కొలువఁబూనినవానికి మాత్రము చాలదు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు నమ్ముకొన్న గుఱుతులు క్వేసారులు. ఇవి మిక్కిలి దూరపు గెలాక్సీల నడిమి భాగములు. వందలకోట్ల కాంతిసంవత్సరముల దూరముననుండుటచే వాని కదలిక మనకు గోచరింపదు. వేర్వేరు ఖండములలోని రేడియో దూరదర్శినులు ఒకే క్వేసారువైపు ఒకేసారి తిరిగి, దాని తరంగములను పరమాణు గడియారపు కాలముతోఁ గూడ లిఖించును. ఒక చోటికంటె మఱియొక చోటికి తరంగమెంత యాలస్యముగ వచ్చెనో గణించినచో, ఆ రెండు చోట్ల నడిమి దూరము మిల్లీమీటర్లతో సహా తేలును. అమెరికాలోని వెస్ట్‌ఫర్డునకును స్వీడనులోని ఓన్సాలాకును నడిమి దూరము ఏఁటేఁట సుమారు 17 మిల్లీమీటర్లు పెరుగుచున్నదని యిట్లే తెలిసినది. భూభ్రమణమునందలి హెచ్చుతగ్గులును ఇందువలననే నిర్ణయమగుచున్నవి. ఆ లెక్క సెకండులో వేయవవంతు తప్పినను, భూమధ్యరేఖకడ స్థానము సుమారు 46 సెంటీమీటర్లు తప్పును.

అంతర్జాతీయ ఖగోళ సంఘమువారు 2018లో నంగీకరించి, 2019 జనవరి 1వ తేదీనుండి అమలుపఱచిన పట్టికలో 4,536 గుఱుతులు కలవు. వానిలో మూలాధారములు 303. సంఖ్య ఘనమే. ఐనను దక్షిణాకాశమున గుఱుతులు పలుచన; కొలఁతలును ఉత్తరమునందువలె నిశితములు కావు. ఇది యాకాశపు దోషము కాదు. దూరదర్శినులలో హెచ్చుభాగము ఉత్తరార్ధగోళముననుండుటయే కారణము.

ఇందలి యపాయము 2008 అక్టోబరులో బయలుపడెను. దక్షిణాఫ్రికాలోని హార్టెబీస్ట్‌హుక్ నందలి 26 మీటర్ల దూరదర్శినికి ఇరుసు బేరింగు చెడిపోయెను. అప్పు డాఫ్రికాఖండమున నీ పనిచేయు దూరదర్శిని యదియొక్కటే! 2010 వఱకు నది పనికి రాలేదు. 1961లో, అంతరిక్షనౌకల జాడ తీయుటకై కట్టిన యంత్రమది. దానిని నిందింపఁబనిలేదు, అట్టి ముసలి యెద్దుమీఁద ఖండమంతటి బరువును మోపియుంచుటయే యవివేకము.

దక్షిణమున నేల తక్కువ, నీరెక్కువ యని కొందఱనవచ్చును. నిజమే. కావుననే యున్న నేలను విడువరాదు. ఆస్ట్రేలియావారు హోబర్టు, కాథరిన్, యారగడీలయందు 12 మీటర్ల చిన్న దూరదర్శినులను మూఁటిని నిలిపిరి. ఒక పెద్దదానికంటె, వడిగఁ దిరుగు చిన్నవి పలుచోట్ల నుండుటయే మేలని నా యభిప్రాయము. ఒకటి చెడినను తక్కినవి పని నడపును.

2015 ఫిబ్రవరి 26వ తేదీన ఐక్యరాజ్యసమితి సాధారణసభ, భూమినంతటిని కొలుచుట కొక్క యాధారచట్రమును దేశములన్నియుఁ గలసి కాపాడవలెనని తీర్మానించెను. మంచి తీర్మానమే. కాని బేరింగు కొనుటకు ధనము, గడియారమును కాచుటకు మనిషి కావలయునుగదా! సముద్రము ఏఁటికి మూఁడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుచున్నది. దానిని పైనుండి కొలుచు ఉపగ్రహము తానున్న చోటును ఈ చట్రమునుబట్టియే చెప్పవలెను. చట్రమే యేఁటికొక మిల్లీమీటరు జాఱినచో, తీరమున కరకట్టలు కట్టువారు ఏ లెక్కను నమ్మి యెత్తు నిర్ణయింతురు?